మూడో తరగతికి చరిత్ర ఎందుకండీ?

“మూడో తరగతి వాడికి కాకతీయులెందుకండీ? నిన్నకీ మొన్నకీ తేడా తెలియనివాడికి ఏడెనిమిది వందల ఏళ్ల నాటి సంగతులు చెబితే ఏం బుర్రకెక్కుతుంది?” పాఠ్యపుస్తకాలు తయారుచేసే వర్క్‌షాపుల్లో ఈ మాట వినబడుతుంది. డైట్ కాలేజీల్లో ఛాత్రోపాధ్యాయులకు దాదాపు ఇదే నూరిపోస్తారు. ప్రైవేటు స్కూలు పేరెంట్స్ మీటింగులో అయితే దీనికి ఇంకో ముక్క కలుస్తుంది: “ముందు లెక్కలూ ఇంగ్లీషూ రానివ్వండి. చరిత్రకేం, తర్వాతైనా చదువుకుంటాడు.” పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అన్నట్టు, పసివాళ్లకేం తెలుసు గతం సంగతి అని అందరూ ఒప్పేసుకున్నారు. ఇంతమంది ఇంత నిశ్చింతగా ఒప్పుకున్నారంటేనే నాకు అనుమానం.

ఇది ఉత్త అభిప్రాయంగా ఉండిపోతే పట్టించుకోనక్కర్లేదు. చదువుల ఏర్పాటే దీని మీద నిలబడి ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక ప్రకారం ఒకటి, రెండు తరగతుల్లో విడిగా సైన్సూ లేదు, సోషలూ లేదు. మూడు నుంచి ఐదు దాకా రెండూ కలిపి పరిసరాల విజ్ఞానం. చరిత్ర అన్న పేరుతో ఒక పాఠం పిల్లల ముందుకు వచ్చేది ఆరో తరగతిలో. 2023లో వచ్చిన కొత్త ప్రణాళిక పరిసరాల విజ్ఞానానికి పేరు మార్చింది, పుస్తకాలు మార్చింది. చరిత్రకు గీసిన గీత మాత్రం దాదాపు ఉన్నచోటే ఉంది.

పరిసరాల విజ్ఞానం మీద నాకు కోపం లేదు. చెట్టూ పుట్టా, తిండీ నీళ్లూ, ఇంట్లోవాళ్లు చేసే పనులూ పిల్లలు గమనించాల్సినవే. కానీ ఆ పాఠాల్లో చాలావాటిలో పరిసరాలకు వయసు ఉండదు. అన్నీ ఎప్పటినుంచో అలాగే ఉన్నట్టు కనబడతాయి. ఊరి చెరువు ఒకప్పుడు లేదనీ, ఎవరో తవ్వించారనీ, ఎవరో తవ్వారనీ పిల్లలకు తోచే అవకాశమే రాదు.

మినహాయింపులు లేకపోలేదు, అవి నా వాదానికే బలం. ఎన్‌సీఈఆర్‌టీ ఐదో తరగతి పాత పరిసరాల పుస్తకంలో గోల్కొండ మీద ఒక పాఠం ఉండేది. పిల్లలు కోట చూడ్డానికి వెళ్తారు. తిన్నగా ఉన్న గోడ మీంచి చూస్తే ఎంత కనబడుతుంది, ముందుకు పొడుచుకొచ్చిన బురుజు మీంచి చూస్తే ఎంత కనబడుతుంది, ఇన్ని బురుజులు ఎందుకు కట్టి ఉంటారు అని పాఠమే అడుగుతుంది. అది పరిసరాల పాఠం కాదు, అచ్చమైన చరిత్ర పాఠం. మిగిలిన సాక్ష్యాన్ని చూసి, కట్టినవాడి ఉద్దేశాన్ని ఊహించి, ఆ ఊహకు కారణం చెప్పమంటోంది. పదేళ్లవాళ్లకు ఇది అందదని ఆ రచయితలు అనుకోలేదు. మరి మిగతా పాఠాలకు ఆ ధైర్యం ఏమైంది?

ఇక ఆరో తరగతిలో ఏం జరుగుతుందో చూడండి. ఐదేళ్లపాటు గతం గురించి ఒక్క ప్రశ్న వేయడం నేర్పని పిల్లల ముందు, ఒక్క ఏడాదిలో, రాతి పనిముట్లతో వేటాడిన మనుషుల దగ్గర్నుంచి హర్షుడు, పులకేశి దాకా కుమ్మరిస్తాం. పేర్లన్నీ కొత్తవి, ఊళ్లన్నీ కొత్తవి, శకాలు కొత్తవి. క్రీస్తుపూర్వం అంకెలు వెనక్కి ఎందుకు నడుస్తాయో తేలేలోపు యూనిట్ టెస్టు వచ్చేస్తుంది. పిల్లలు చేయగలిగింది ఒక్కటే, బట్టీ పట్టడం. మౌర్యుల తర్వాత శాతవాహనులు, శాతవాహనుల తర్వాత ఇక్ష్వాకులు. పరీక్షయ్యాక మరిచిపోతారు. అప్పుడు మనవాళ్లు తీరిగ్గా అంటారు: “చూశారా, పదకొండేళ్లవాళ్లకే అర్థం కావట్లేదు, ఎనిమిదేళ్లవాళ్లకు ఏమవుతుంది?” మనం నేర్పకపోవడాన్నే వాళ్లకు రాదనడానికి రుజువుగా చూపిస్తున్నాం. ఆడలేక మద్దెల ఓడన్నవాడు కనీసం ఒక అడుగైనా వేసి ఉంటాడు.

ఈ అభిప్రాయానికి శాస్త్రం అండ ఉందంటారు. ఆ శాస్త్రం పేరు పియాజే. సుమారు ఏడు నుంచి పదకొండేళ్ల వరకు పిల్లలు కళ్లెదుట ఉన్నవాటిని పట్టుకునే ఆలోచిస్తారు, అమూర్తమైన ఆలోచన ఆ తర్వాత వస్తుంది అన్నది ఆ మనస్తత్వవేత్త సిద్ధాంతం. మన ట్రైనింగ్ నోట్సుల్లో అది ఎప్పటికీ చెక్కుచెదరని ప్రశ్న. దాన్ని చరిత్ర బోధనకు అన్వయించినవాళ్లలో ఇంగ్లండుకు చెందిన హాలమ్ ముఖ్యుడు. 1960ల చివర్లో, 70లలో ఆయన తేల్చిందేమంటే, చరిత్రలో ఆ పై స్థాయి ఆలోచన పదహారేళ్లకు గానీ రాదని. ఆ లెక్కన మన టెన్త్ పిల్లలకు సోషల్ పేపరు రద్దు చేయాలి. మనవాళ్లు అంతదూరం పోరు, పదకొండేళ్ల దగ్గరే ఆగుతారు. ఎందుకక్కడ అంటే, పుస్తకం అక్కడ మొదలవుతుంది కనుక.

పియాజే ప్రయోగాల్లో పిల్లలు ఎందుకు తప్పు చెప్పారో తర్వాతివాళ్లు తవ్వి చూశారు. రెండు వరసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, పెద్దమనిషి ఒక వరసను ఎడం చేసి “ఇప్పుడు ఎందులో ఎక్కువున్నాయి?” అని అడిగితే చిన్నపిల్లలు తడబడ్డారు. అదే వరసను ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చెదరగొట్టినట్టు చూపిస్తే చాలా ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. మెక్‌గారిగిల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ 1974లో ప్రకటించిన ప్రయోగం ఇది. పెద్దాయన పనిగట్టుకుని మార్చి మళ్లీ అదే ప్రశ్న అడిగితే, జవాబు మారాలేమో అనుకున్నారు పిల్లలు. లోపం పిల్లల బుర్రలో కన్నా అడిగిన తీరులో ఉంది.

చరిత్ర విషయంలోనూ ఇలాగే తేలింది. అమెరికాలో బార్టన్, లెవ్‌స్టిక్ అనే ఇద్దరు పరిశోధకులు 1990లలో వేర్వేరు కాలాల బొమ్మలు పిల్లల ముందు పెట్టి వరసలో పేర్చమన్నారు. కిండర్‌గార్టెన్ పిల్లలు సైతం బట్టలు చూసి, బండ్లు చూసి, ఏది పాతదో ఏది కొత్తదో చాలావరకు పేర్చారు. తేదీల అంకెలు చిన్నవాళ్లకు పెద్దగా పనికిరాలేదు, నిజమే. కానీ కాలం అంటే తేదీ ఒక్కటేనా? ఇంగ్లండులో ఏడు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలతో పీటర్ లీ బృందం చేసిన పరిశోధనలో, కొందరు ఏడెనిమిదేళ్లవాళ్లు గతం గురించి కొందరు పద్నాలుగేళ్లవాళ్ల కన్నా మెరుగ్గా ఆలోచించారు. ఆ దేశంలో ఐదేళ్ల వయసు నుంచే చరిత్ర ఒక సబ్జెక్టు. ఆరేళ్ల పిల్లలు 1666 లండన్ అగ్నిప్రమాదం గురించి చదువుతారు. మంటలొస్తుంటే శామ్యూల్ పీప్స్ అనే ఆయన తన జున్ను, ద్రాక్షసారాయి తోటలో గొయ్యి తీసి పాతిపెట్టాడని, ఆ సంగతి ఆయనే డైరీలో రాసుకున్నాడని నేర్చుకుంటారు. ఆయన రాసుకున్నాడు కాబట్టి మనకు తెలిసింది. ఆరేళ్లవాడికి అందిన ఆ ‘కాబట్టి’ మన పదేళ్లవాడికి అందదా?

మన పిల్లలకు కాలపు వరస తెలియదనడం మరీ విడ్డూరం. మత్స్యావతారం ముందా నరసింహావతారం ముందా అని అడిగి చూడండి. రాముడు ముందా కృష్ణుడు ముందా అని అడగండి. పురాణం చరిత్ర కాదు, నేను కలపడం లేదు. వరస పట్టే శక్తి ఉందా లేదా అన్నదే ఇక్కడ లెక్క. అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ వాళ్లమ్మ అని మూడు తరాలు వెనక్కి నడవగలిగిన పిల్ల స్వాతంత్ర్యానికి ముందుకాలానికి వెళ్లిపోయినట్టే. దివిసీమలో ఏ ఇంట్లోనైనా 1977 నవంబరు 19 గురించి చెప్పే ముసలమ్మ ఉంటే, ఉప్పెన ఎంత ఎత్తున వచ్చిందో, ఏ చెట్టు పట్టుకుని ఎవరు బతికారో నాలుగో తరగతి పిల్ల అడిగి రాసుకురావచ్చు. పక్కింటి తాత ఇంకోలా చెబితే మరీ మంచిది. ఇద్దరూ ఒకలా ఎందుకు చెప్పలేదన్నదే మర్నాటి పాఠం.

రెండో వాదం, దగ్గర్నుంచి దూరానికి వెళ్లాలన్నది. ముందు ఇల్లు, తర్వాత వీధి, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ దగ్గరగా ఉన్నదల్లా సులువు అని ఎవరు చెప్పారు? మండల పరిషత్తు పిల్లవాడి ఇంటికి నాలుగు కిలోమీటర్లలో ఉంటుంది. అది ఏం చేస్తుందో, ఎంపీడీవో ఎవరో వాళ్ల నాన్నకే సరిగ్గా తెలియదు. దాని విధులు ఐదు పాయింట్లలో రాయిస్తాం. తుఫానులో పగిలిన ఓడ ఎనిమిది వందల ఏళ్ల దూరాన ఉంది. దాన్ని వాడు ఒక్క నిమిషంలో కళ్లకు కట్టుకుంటాడు.

ఓడ అని ఊరికే అనలేదు. చీరాలకు అవతల, సముద్రం ఒడ్డున మోటుపల్లి ఉంది. కాకతీయుల కాలంలో పేరున్న రేవు. అక్కడ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. దాని సారాంశం ఇది: ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడలు తుఫానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, పూర్వపు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాక్కునేవారు. మేము అలా చేయం, ఉన్న సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం. ఎగుమతి దిగుమతులకు సుంకం ముప్పయ్యో వంతు. ఆ తర్వాత సరుకుల జాబితా: చందనం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు.

దీన్ని నాలుగో తరగతిలో పెట్టి చూడండి. మొదట శాసనం పేరెత్తకండి. ఓడ పగిలింది, మూటలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, అవి ఎవరివి అని అడగండి. సగం మంది దొరికినవాళ్లవి అంటారు. ఓడవాడివే అని మిగతావాళ్లు కొట్లాడతారు. ఓడవాడు చచ్చిపోతేనో అని ఎవడో ఒకడు అడిగి తీరతాడు. కాసేపు రేగనిచ్చి, అప్పుడు చెప్పండి, అంతకుముందు రాజులు నాదే అన్నారనీ, ఈ రాజు నాకొద్దన్నాడనీ. ఎందుకొద్దన్నాడు? దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం అని శాసనం చెబుతోంది. శాసనం వేయించిందెవరు? రాజే. తన గురించి తను మంచిగా చెప్పుకోడా? ఓడలవాళ్లు భయపడి వేరే రేవుకు పోతే రాజుకు ఏం పోతుంది? ముప్పయ్యో వంతు పోతుంది. అరవై బస్తాల మిరియాలొస్తే సుంకం ఎన్ని బస్తాలని అడిగితే, అదే గంటలో భిన్నాల లెక్క కూడా అయిపోతుంది. చీనా కర్పూరం చీనా నుంచే వచ్చిందా అని ఇంకొకడు గ్లోబు తిప్పుతాడు.

తొమ్మిదేళ్లవాడు ఆ గంటలో చేసిన పని చూడండి. న్యాయం ఆలోచించాడు, సాక్ష్యం చూశాడు, ఆ సాక్ష్యం ఎవరిదని అడిగాడు, కారణాల్లో చెప్పిందేదో చెప్పనిదేదో విడదీశాడు. యూనివర్సిటీలో చరిత్ర విద్యార్థి చేసేదీ ఇదే, కాకపోతే ఫుట్‌నోట్లు ఎక్కువ. ఏ విషయాన్నైనా నిజాయతీ చెడకుండా ఏ వయసు పిల్లలకైనా నేర్పే దారి ఉంటుందని మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లోనే వాదించాడు. మనం పియాజేను మాత్రం నోట్సులో ఉంచుకుని బ్రూనర్‌ను సిలబస్ చివర్లో వదిలేశాం.

కొంచెం ఉదారులైనవాళ్లు మధ్యేమార్గం చెబుతారు: “చరిత్ర వద్దుగానీ మహానుభావుల కథలు చెప్పొచ్చు కదా.” బడుల్లో జరుగుతున్నది ఇదే. జయంతికి పటం, దండ, చాక్లెట్, రెండు నిమిషాల ప్రసంగం. ఆయన చిన్నప్పటినుంచీ సత్యం పలికాడు, మీరూ పలకండి. ఈ కథల్లో మనుషులు అందరూ ఒకేలా ఉంటారు. పేర్లు మార్చేసినా తేడా తెలియదు. ఇవి నీతికథలు, నీతికథలు చెప్పడానికి నక్కా కాకీ చాలు. ఇది మనకెలా తెలుసు అని పిల్లవాడు ఒక్కసారి కూడా అడగని గతం చరిత్ర అవదు.

గోదావరి జిల్లాల్లో చాలా ఊళ్లలో కాటన్ దొర విగ్రహం ఉంటుంది. బడికి వెళ్తూ వస్తూ పిల్లలు దాన్ని చూస్తారు. తెల్లదొర విగ్రహానికి మన రైతులు దండలెందుకు వేస్తారన్న ప్రశ్న వాళ్లలో పుట్టకుండా ఉంటుందా? 1832-33 నందన కరువు, 1839 కోరంగి తుఫాను గురించి చెప్పాలి. 1847లో కాటన్ మొదలుపెట్టి 1852కు పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి చెప్పాలి. అక్కడితో ఆగితే అది మళ్లీ మహానుభావుడి కథే. రాళ్లు మోసిందెవరు, వాళ్ల విగ్రహాలేవి అని అడగాలి. కూలీలను కూడగట్టిన వీణం వీరన్న పేరు చెప్పాలి. నీళ్లొచ్చాక పంట పెరిగితే శిస్తు ఎవరికి పెరిగింది, ఈస్టిండియా కంపెనీ డబ్బు పెట్టడానికి అదీ ఒక కారణం కాదా అని అడగాలి. దొర మంచివాడా చెడ్డవాడా అని పిల్లలు నిలదీస్తారు. తేల్చి చెప్పకపోవడం అక్కడ టీచరుకు కష్టమే, కానీ ఆ కష్టమే పాఠం.

మూడోది భయం. చరిత్ర అంటే కులం, మతం, ప్రాంతం, గొడవలు. పసిమనసుల్లో విషం ఎందుకంటారు. పసిమనసులు ఖాళీగా ఉన్నాయని ఎవరన్నారో నాకు తెలియదు. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ సినిమా వచ్చాక అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ ప్రాణస్నేహితులని ఎంతమంది పిల్లలు నమ్ముతున్నారో ఏ తరగతిలోనైనా చేతులెత్తమని చూడండి. అల్లూరి 1924లో మరణించాడు. భీమ్ జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. వాళ్ల స్నేహం సినిమా వాళ్ల ఊహ, వాళ్లూ ఆ మాటే చెప్పారు. ఊహించుకునే హక్కు వాళ్లకుంది. ఊహను ఊహగా గుర్తుపట్టడం నేర్పని తప్పు మనది. హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన సెప్టెంబరు 17న ఏటా తెలంగాణలో ఒకే తేదీకి ఒక్కో ప్రభుత్వం ఒక్కో పేరు పెట్టి జెండా ఎగరేస్తుంటే పిల్లలు చూస్తూనే ఉన్నారు. సినిమా, వాట్సాప్, మైకు, ఫ్లెక్సీ ఇవేవీ పిల్లవాడికి పదకొండేళ్లు నిండేదాకా ఆగవు. ఆగింది బడి ఒక్కటే. తొమ్మిదేళ్లకే “ఎవరు చెప్పారు? ఎప్పుడు? చెప్పినవాడికి ఏం లాభం?” అని అడగడం అలవాటైనవాడిని పంతొమ్మిదేళ్లకు ఫార్వర్డ్ మెసేజీతో రెచ్చగొట్టడం అంత తేలిక్కాదు. గొడవలకు భయపడేవాళ్లు చరిత్రను ముందు జరపమని అడగాలి.

మిగిలింది ఒక్క అభ్యంతరం, అది నిజంగా బరువైంది. ఐదో తరగతి పిల్లలు రెండో తరగతి వాచకం చదవలేకపోతుంటే ఇప్పుడు మోటుపల్లి ఏమిటంటారు. 2021లో నిపుణ్ భారత్, మరుసటేడు తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమాలు వచ్చింది ఈ బాధతోనే. చదవడం, లెక్కించడం ముందు రావాలన్నది కాదనలేం. ఐదు తరగతులకూ ఒక్కరే ఉన్న బళ్లో సెకండరీ గ్రేడ్ టీచరు పడే అవస్థ తెలిసినవాళ్లెవరూ ఇంకో పుస్తకం ఆమె నెత్తిన పెట్టమనరు. కానీ చదవడం అంటే అక్షరాలు కూడబలుక్కోవడం ఒక్కటే అయితే ఆ వాదం చెల్లుతుంది. అమెరికాలో రెక్ట్, లెస్లీ 1988లో చేసిన ప్రయోగం ఒకటుంది. బేస్‌బాల్ ఆట గురించిన పేరా చదివించారు. చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగీ ఆట తెలియని పిల్లల కన్నా ఎక్కువ అర్థం చేసుకున్నారు. మనకు క్రికెట్ పేజీతో ఇదే అనుభవం. చదివింది అర్థం కావాలంటే లోకం గురించి ఎంతోకొంత ముందే తెలిసి ఉండాలి. ఆ తెలివిడిని ఐదేళ్లపాటు ఆపేసి, చదివింది అర్థం చేసుకోరేం అంటే ఎలా? పైగా మోటుపల్లి పాఠానికి వాచకమే అక్కర్లేదు. టీచరు నోరు, పిల్లల నోళ్లు, నల్లబల్ల మీద ఒక ఓడ బొమ్మ చాలు. తెలుగు పీరియడ్‌లోనే చెప్పొచ్చు. చదవడం రాని పిల్లవాడు నోరు విప్పి గెలిచే పాఠం వారానికి ఒక్కటైనా ఉండాలి.

సామగ్రికి కొదవ అసలే లేదు. కాలిన్ మెకంజీ, ఆయనకు కుడిభుజాలైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు రెండు శతాబ్దాల కిందట ఊరూరా కరణాల దగ్గర రాయించి పోగుచేసిన ఊరి చరిత్రలు, కైఫీయతులనేవి, ఉన్నాయి. ఊరవతల వీరగల్లులున్నాయి. రాక్షసగుళ్లని జనం పిలుచుకునే ఇనుపయుగపు సమాధులున్నాయి. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం ఉంది. రుద్రమదేవి శివలోకం చేరిందని, ఆమె పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే బంటు భూమి ఇచ్చాడని అందులో ఉంది. రాణి ఎప్పుడు పోయిందో మనకు ఇంచుమించుగా తెలిసింది ఒక బంటు చేసిన దానం వల్ల. ఆ దానం తేదీ చూసి ఆమె అప్పటికి బతికి లేదని తేల్చడానికి తొమ్మిదేళ్ల బుద్ధి చాలు.

రెండు తెలుగు రాష్ట్రాల ఎస్‌సీఈఆర్‌టీలకు నా మనవి ఇది. కొత్త ప్రణాళికకు తగ్గట్టు పుస్తకాలు మార్చేటప్పుడు మూడో తరగతి నుంచి వారానికి ఒక్క పీరియడ్ గతానికి ఇవ్వండి. మార్కులు వద్దు, పరీక్ష వద్దు, రాజుల జాబితా అసలే వద్దు. జిల్లాకొక చిన్న పుస్తకం, అందులో ఆ జిల్లాలోనే ఉన్న పది సాక్ష్యాలు: ఒక శాసనం, ఒక చెరువు, ఒక ఆనకట్ట, ఒక తుఫాను, ఒక వలస, ఇలాంటివి. ఒక్కో సాక్ష్యం కింద జవాబులుండని నాలుగు ప్రశ్నలు. రాయడానికి ప్రొఫెసర్లను పిలవక్కర్లేదు. సెలవుల్లో సొంత డబ్బు పెట్టుకుని గుళ్ల వెంట, గుట్టల వెంట తిరిగి శాసనాలు చదివే బడిపంతుళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లను పిలిచి అడగండి.